అమ్మ క్యాండీ క్రష్‌లో ఒకే లెవెల్ దగ్గర ఆగిపోయారా? గేమ్ తీసేయకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. తెనాలిలో ఉండే మీ అమ్మగారికి 64 ఏళ్లు, లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. మీ తమ్ముడు కొనిచ్చిన 10 అంగుళాల ట్యాబ్‌లో రోజూ క్యాండీ క్రష్, అదే ఒకే రంగు క్యాండీలు మూడేసి కలిపే గేమ్, ఆడుతున్నారు. ఒక లెవెల్ దగ్గర మూడు వారాలుగా ఆగిపోయారు, అర్ధరాత్రి లేచి కూడా ఆడుతున్నారు. మెడ నొప్పి అంటున్నారు. ఈమధ్య యాడ్ చూసి వేసుకున్న ఇంకో గేమ్‌లో ₹1,100 పోయాయి. తమ్ముడు గేమ్‌లన్నీ తీసేద్దాం అంటున్నాడు, మీకు మనసొప్పట్లేదు. ఇదీ సంగతి.

నేను హైదరాబాద్‌లో ఒక గేమ్‌ల కంపెనీలో లెవెళ్లు పరీక్షించే పని చేస్తాను. పదకొండేళ్లయింది. ఒక లెవెల్ జనం చేతికి వెళ్లే ముందు దాన్ని వందలసార్లు ఆడి, ఎక్కడ విసుగొస్తుందో, ఎక్కడ ఇంకో రెండు మూవ్‌లు (ముక్కలు జరిపే అవకాశాలు) ఇవ్వాలో రాసిపెట్టడం నా ఉద్యోగం. ఇంటికొస్తే విజయవాడ నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి "ఒరే, ఈ మూల జెల్లీ పోవట్లేదురా" అంటుంది. జెల్లీ అంటే క్యాండీల కింద ఉండే పొర, ఆ గడిలో క్యాండీలు కలిపితే పోతుంది. అందుకని మీ అమ్మగారి బాధ నాకు రెండు వైపుల నుంచీ తెలుసు. నా సలహా ముందే చెప్పేస్తాను. గేమ్ తీసేయకండి. రెండు మూడు సెట్టింగులు మార్చండి, ట్యాబ్ పెట్టే తీరు మార్చండి, ఒక పూట పక్కన కూర్చుని బోర్డు చూడటం నేర్పండి. చివరిదే అసలు పని కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మూడు వారాలుగా ఒకే లెవెల్ అంటే, తన బుర్ర మందగించిందేమో అని ఆవిడ లోపల బాధపడుతూ ఉండొచ్చు. మా పెద్దమ్మ అలాగే అనుకునేది. నిజానికి కష్టమైన లెవెళ్లలో అదృష్టం వాటా చాలా పెద్దది. ప్రతి ఆటకీ ముక్కలు కొత్తగా పడతాయి, పైనుంచి ఏ రంగు రాలుతుందో మన చేతిలో లేదు. బాగా ఆడేవాళ్లు కూడా సగటున 20 ఆటల్లో ఒక్కటే గెలిచే లెవెల్ ఒకటి ఉందనుకోండి. 20 సార్లు ఆడితే ఎలాగూ దాటేస్తాంలే అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అలా రాదు. ఒక్కో ఆట ఓడిపోయే అవకాశం నూటికి 95. అదే వరసగా 20 సార్లు జరిగే అవకాశం నూటికి 36 దాకా ఉంటుంది. అంటే వందమంది కూర్చుని తలా 20 సార్లు ఆడితే, అందులో 36 మంది ఒక్కసారి కూడా గెలవకుండానే లేస్తారు. ఆవిడ లెక్కల టీచరు కదా, 0.95ని 20 సార్లు గుణించి చూడమని కాగితం, పెన్ను ఇవ్వండి. ఆ లెక్క తన చేత్తో తను వేసుకుంటే, మనం వంద మాటలు చెప్పినా రాని ఊరట దొరుకుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పండి. 2014లో ఆస్ట్రేలియాకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోబీ వాల్ష్ ఈ గేమ్ మీద ఒక పరిశోధన పత్రం రాశారు. అదే ఏడాది ఇటలీ పరిశోధకులు కూడా మూడేసి ముక్కలు కలిపే గేమ్‌ల మీద అలాంటి ఫలితమే చూపించారు. బోర్డు ఎంత పెద్దదైనా కావొచ్చు అనుకుంటే, ఇన్ని మూవ్‌లలో ఇన్ని పాయింట్లు తేవచ్చా లేదా అని తేల్చడం ఎన్‌పీ-హార్డ్ అనే తరగతికి చెందిన సమస్య అని వాళ్లు నిరూపించారు. ఆ తరగతి సమస్యలకి త్వరగా జవాబు తెచ్చే పద్ధతి ఏదీ ఇప్పటివరకూ కంప్యూటర్లకి కూడా దొరకలేదు. పైనుంచి ఏం పడుతుందో ముందే తెలిసినా పరిస్థితి అదే. మన అమ్మలకి అది కూడా తెలియదు.

ఇక అదృష్టం కాక మిగిలిన భాగం ఉంది చూడండి, మనం నేర్చుకోగలిగింది అదే. దానికి మూవ్‌ల సంగతి తెలియాలి. ఈ రకం గేమ్‌లు మొదట్లో ఇలా ఉండేవి కావు. 1994లో రష్యాలో యెవ్‌గెనీ అలెమ్‌జిన్ అనే ఆయన డాస్ కంప్యూటర్ల మీద షారికి అనే గేమ్ చేశారు. పక్కపక్కనున్న రెండు బంతుల్ని తారుమారు చేసి ఒకే రంగువి మూడు కలపడం. 2001లో పాప్‌క్యాప్ కంపెనీ బిజువెల్డ్ తెచ్చింది, ఎనిమిది అడ్డం ఎనిమిది నిలువు గళ్లలో రత్నాలు. అందులో మామూలు ఆటకి మూవ్‌ల లెక్కే లేదు. కలపడానికి ఏమీ మిగలనంత వరకూ ఆడుకుంటూ పోవచ్చు. 2012 ఏప్రిల్‌లో కింగ్ కంపెనీ క్యాండీ క్రష్‌ని ఫేస్‌బుక్‌లో, నవంబరులో ఫోన్లలో విడుదల చేసింది. అందులో ప్రతి లెవెల్‌కీ ఒక లక్ష్యం, చాలావాటిలో దానికి ఇన్నే మూవ్‌లు అనే కొలత. గేమ్ ఉచితం. చివర్లో ఒకటి రెండు జెల్లీలు మిగిలి మూవ్‌లు అయిపోతే, ఇంకో ఐదు మూవ్‌లు కావాలా అని అడుగుతుంది. కింగ్ అమ్మే ముఖ్యమైన సరుకుల్లో ఆ చివరి ఐదు మూవ్‌లు ఒకటి. 2016లో యాక్టివిజన్ బ్లిజార్డ్ ఆ కంపెనీని 590 కోట్ల డాలర్లకు కొన్నదంటే, ఆ చిన్న చిన్న కొనుగోళ్లు ఎంత పోగయ్యాయో ఊహించుకోండి.

అందుకే మా పెద్దమ్మకి నేను మొదట చెప్పింది ఒకటే. "నీ దగ్గరున్న డబ్బు ఆ మూవ్‌లే పెద్దమ్మా. పాతిక మూవ్‌లిచ్చారంటే పాతిక రూపాయలిచ్చి సంతకి పంపినట్టు. గేటు దగ్గర కనిపించిన మొదటి బండి దగ్గరే కొనేస్తావా?"

ఆ రోజు చూసింది చెప్తాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆవిడ మంచం మీద, నేను పక్కన. బోర్డు మీద ఎడమ వైపు కింది మూలలో రెండు గళ్ల జెల్లీ మిగిలింది, ఏడు మూవ్‌లున్నాయి. ఆవిడ వేలు గాల్లో ఆగి ఉంది. నాలుగైదు సెకన్లు కదలకపోయేసరికి కుడివైపు పైన మూడు ఎర్ర క్యాండీలు ఊగాయి. వెంటనే వేలు అటు వెళ్లి వాటిని కలిపేసింది. ఆరు. మళ్లీ ఆగింది, మళ్లీ పైన ఏవో ఊగాయి, మళ్లీ కలిపింది. ఐదు. అప్పుడు చెయ్యి పట్టుకుని ఆపాను. "అవెందుకు కలిపావు?" అంటే "చూపించింది కదరా" అంది.

మీ అమ్మగారు కూడా అదే చేస్తున్నారని నా గట్టి అనుమానం. ఆ ఊగే ముక్కలు గేమ్ ఇచ్చే సలహా అనుకుంటారు చాలామంది. ఇక్కడ మూడు కలిసే చోటు ఒకటుంది అని మాత్రమే దాని అర్థం. మీ లక్ష్యానికి అది పనికొస్తుందా లేదా అన్న పూచీ ఏమీ లేదు. మూవ్‌ల లెక్కన నడిచే లెవెల్‌లో గడియారం ఉండదు. ఒక్కో మూవ్‌కి పది నిమిషాలు ఆలోచించినా ఎవరూ అడగరు. లేచి వెళ్లి పాలు కాచి వచ్చినా బోర్డు అలాగే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక మా పెద్దమ్మ ఆట తీరే మారిపోయింది. చుక్కల ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలన్నీ పెట్టుకుని, కళ్లతో ఒకసారి గీత నడిపించుకుని, అప్పుడు కదా పిండి వదులుతాం. బోర్డుని కూడా అలా చూడమనండి. లక్ష్యం ఏమిటి, అది ఏ మూల ఉంది, అక్కడికి చేరడానికి ఏది అడ్డం, ఇదంతా చూశాకే వేలు కదలాలి.

ఆ రోజు మిగిలిన ఐదు మూవ్‌లతో ఏం చేశామంటే, ఎడమవైపు పైభాగాన నీలం క్యాండీలు అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి చేరుతున్నాయి. అడ్డంగా నాలుగు కలిపితే నిలువు గీతల క్యాండీ వస్తుంది. దాన్ని పేలిస్తే అది ఉన్న నిలువంతా పైనుంచి కిందిదాకా ఊడ్చుకుపోతుంది. నిలువుగా నాలుగు కలిపితే అడ్డ గీతల క్యాండీ, అది అడ్డ వరస ఊడుస్తుంది. చాలామంది ఇది తిరగేసి గుర్తుపెట్టుకుంటారు. సులువైన గుర్తు ఒకటుంది: చివరగా వేలు ఎటు జరిపితే గీతలు అటే. అడ్డంగా ఉన్న నాలుగింటి మధ్యలోకి ముక్కని పైనుంచో కిందనుంచో తెస్తాం కాబట్టి నిలువు గీతలొస్తాయి. రెండో నిలువులో ఆ క్యాండీ చేసి, ఇంకో రెండు మూవ్‌లతో దాన్ని మొదటి నిలువులోకి తెచ్చి పేల్చాం. మూల జెల్లీ పోయింది. రెండు మూవ్‌లు మిగిలాయి కూడా. పెద్దమ్మ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఆ ముఖం నాకింకా గుర్తే.

మిగతా క్యాండీలు మీకూ తెలిసే ఉంటాయి. ఎల్ లేదా టీ ఆకారంలో ఐదు కలిస్తే పొట్లం కట్టిన క్యాండీ, అది చుట్టూ ఉన్న గళ్లని రెండుసార్లు పేలుస్తుంది. వరసగా ఐదు కలిస్తే కలర్ బాంబ్. అసలు బలం మాత్రం రెండు ప్రత్యేక క్యాండీల్ని ఒకదానితో ఒకటి కలపడంలో ఉంది. గీతలదాన్ని పొట్లంతో కలిపితే మూడు అడ్డ వరసలు, మూడు నిలువులు ఒకేసారి పోతాయి. కలర్ బాంబ్‌ని గీతల క్యాండీతో కలిపితే ఆ రంగు క్యాండీలన్నీ గీతలవైపోయి పేలతాయి. ఆగిపోయిన లెవెళ్లు సాధారణంగా ఇలాంటి దెబ్బ ఒకటి పడితేనే కదులుతాయి. దానికోసం రెండు మూడు మూవ్‌లు ఖర్చయినా నష్టం లేదు.

కింద ఆడాలా, పైన ఆడాలా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. కింద ఆడమని అందరూ చెప్తారు. మొదట్లో అది సరైనదే, కింద మూడు పోతే పైనున్నవన్నీ జారి, వాటంతటవే కలిసిపోయే అవకాశం ఎక్కువ. అయితే మీరు ఒక జతని కష్టపడి సిద్ధం చేసుకుంటున్నప్పుడు కింద ముట్టుకుంటే ఆ కట్టడమంతా చెదిరిపోతుంది. అప్పుడు పైనే ఆడాలి, ఎందుకంటే పైన జరిగిన మార్పు కిందికి తగలదు. ఇంకొంచెం లోతుకి వెళ్తే, అడ్డంగా మూడు కలిపితే మూడు నిలువులు ఒక్కో గడి జారతాయి. నిలువుగా మూడు కలిపితే ఒకే నిలువు మూడు గళ్లు జారుతుంది, పక్కవి కదలవు. ఒక ముక్కని సరిగ్గా పక్కదాని ఎదురుకి దించాలంటే ఈ తేడా చాలా ఉపయోగం. నా ఉద్యోగంలో నేను మూవ్‌లు మిగుల్చుకునేది ఎక్కువగా దీనితోనే.

చాక్లెట్ ఉన్న లెవెల్ అయితే ముందు చాక్లెట్ సంగతి చూడాలి. ఒక మూవ్‌లో ఒక్క చాక్లెట్ గడైనా పగలకపోతే అది ఇంకో గడికి పాకుతుంది. రోజూ ఒక్కటైనా పీకకపోతే తోటంతా అల్లుకుపోయే కలుపు లాంటిది.

ఇంకొకటి. లెవెల్ తెరవగానే పడిన బోర్డు బాగోలేదనిపిస్తే మొదటి మూవ్ చేయకముందే వెనక్కి వచ్చేయొచ్చు. లైఫ్ (ఓడిన ప్రతిసారీ ఒకటి తగ్గే ఆట అవకాశం) పోదు, మళ్లీ తెరిస్తే కొత్త బోర్డు పడుతుంది. ఒకసారి అలా చేసి లైఫుల అంకె చూసుకోమనండి, ఆవిడకే నమ్మకం కుదురుతుంది. లైఫులు మొత్తం ఐదు, ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు, అంటే ఖాళీ నుంచి పూర్తిగా నిండాలంటే రెండున్నర గంటలు. మా పెద్దమ్మకి నేను పెట్టిన పద్ధతి ఇదే: ఐదు లైఫులు అయిపోతే ఆ పూట ఆట అయిపోయినట్టు. ఉదయం టిఫిన్ తర్వాత ఐదు, సాయంత్రం ఐదు. ట్యాబ్‌లో గడియారం ముందుకి జరిపి లైఫులు తెచ్చుకునే చిట్కా ఎవరైనా చెప్తే వద్దనండి. అలారాలు తప్పుతాయి, మందులు వేసుకునే వేళ తప్పుతుంది. అర్ధరాత్రి లేవడానికి కూడా కారణం ఈ లైఫులే అయి ఉంటుంది. నిండిపోయాయి, వృథా అవుతున్నాయి అనిపించి లేస్తారు. ట్యాబ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ గేమ్ నోటిఫికేషన్లు ఆపేయండి, రాత్రి ట్యాబ్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టించండి.

డబ్బు సంగతికొస్తాను. ఆ రెండో గేమ్ పేరు మీరు రాయలేదు, రాయకపోయినా పర్లేదు, ఇలాంటివి చాలా ఉన్నాయి. ముందు ఆ డబ్బు వెనక్కి అడగండి. ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే కొన్న 48 గంటల్లోపు ప్లే స్టోర్‌లోనే రీఫండ్ అడగొచ్చు. ఆ గడువు దాటితే గేమ్ తయారుచేసినవాళ్లకే రాయాలి. తర్వాత ప్లే స్టోర్‌లో పైన ఉండే ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో కొనుగోలుకి ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఆ పాస్‌వర్డ్ మీ దగ్గరుంచుకోండి. ఐప్యాడ్ అయితే సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్‌లోకి వెళ్లి యాప్ లోపలి కొనుగోళ్లు అనుమతించకుండా చేయొచ్చు. అన్నిటికన్నా గట్టి పని, ఆ ఖాతాలోంచి కార్డు, యూపీఐ రెండూ తీసేయడం. ఇవన్నీ అమ్మగారికి చెప్పి, ఆవిడ ఎదురుగానే చేయండి. చెప్పకుండా చేస్తే పిల్లలు తనని చిన్నపిల్లని చేశారని నొచ్చుకుంటారు. ముప్ఫై ఏళ్లు ఇంటి ఖర్చు నడిపిన మనిషి ఆవిడ.

యాడ్‌ల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. యాడ్‌లో చూపించే ఆట ఒకటి, వేసుకున్నాక వచ్చే ఆట ఇంకొకటి అవ్వడం ఈ రంగంలో ఎప్పటినుంచో ఉంది. 2020లో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ గేమ్‌ల యాడ్‌లు రెండింటిని ఈ కారణంతోనే నిషేధించింది. పిన్నులు లాగి మనిషిని కాపాడే ఆట చూపించారు, లోపల ఎక్కువగా ఉన్నది మూడేసి కలిపే ఆట. దానికన్నా ప్రమాదమైనవి "ఆడితే డబ్బులొస్తాయి" అనే యాడ్‌లు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం తెచ్చి నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. పందెం లేని క్యాండీ క్రష్ లాంటివి దాని కిందికి రావు, అమ్మగారు నిశ్చింతగా ఆడుకోవచ్చు. ఎవరైనా గెలిచిన డబ్బు పంపుతాం, ముందు కొంచెం కట్టండి అంటే మాత్రం ఆ యాప్ వెంటనే తీసేయాలి. మీరు తీయాల్సినవి ఏమైనా ఉంటే ఇవే.

ఇప్పుడు మెడ. మీ అమ్మగారు బైఫోకల్ అద్దాలు వాడుతున్నారా? ఆ వయసులో చాలామంది వాడతారు. దగ్గరివి చూసే భాగం అద్దం కింది వైపు ఉంటుంది. ట్యాబ్‌ని టీవీలా నిటారుగా ఎదురుగా నిలబెడితే, ఆ కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి మెడ వెనక్కి వంచాల్సి వస్తుంది. ఒళ్లో పెట్టుకుంటే పూర్తిగా ముందుకి వంగాలి. రెండూ నొప్పే. మా పెద్దమ్మ ఇంట్లో భాగవతం చదువుకునే వ్యాసపీఠం ఉంది, మా తాతయ్యగారి కాలం నాటిది, రెండు చెక్కలు ఒకదానిలో ఒకటి దూరి కత్తెరలా తెరుచుకునేది. ఒకరోజు దాన్ని చిన్న బల్ల మీద పెట్టి ట్యాబ్ అందులో ఆనించాను. కళ్లకన్నా కొంచెం కింద, ఏటవాలుగా, పుస్తకం చదివే ఎత్తుకి సరిగ్గా వచ్చింది. పది అంగుళాల ట్యాబ్ దాదాపు అరకిలో ఉంటుంది, దాన్ని గంటసేపు ఎడమచేత్తో పట్టుకునే బాధ కూడా తప్పింది. మీ ఇంట్లో వ్యాసపీఠం ఉంటే వాడండి, లేకపోతే అలాంటి వాలు ఉన్న స్టాండ్ ఏదైనా చాలు.

చెయ్యి విషయంలో కూడా జాగ్రత్త. 2015లో అమెరికా వైద్య పత్రిక జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో ఒక కేసు వచ్చింది. 29 ఏళ్ల యువకుడు ఆరు నుంచి ఎనిమిది వారాలు రోజంతా ఫోన్‌లో ఇలాంటి కలిపే గేమ్ ఎడమ బొటనవేలితో ఆడాడు. ఆ వేలి స్నాయువు తెగిపోయి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తెగేదాకా అతనికి నొప్పి తెలియకపోవడం డాక్టర్లని ఆలోచనలో పడేసింది. ఆటలో లీనమైతే నొప్పి అంతగా తెలియదన్నమాట. ట్యాబ్‌లో ఈ ప్రమాదం తక్కువ, స్టాండ్ మీద పెట్టుకుని చూపుడువేలితో ఆడొచ్చు, అప్పుడప్పుడు వేలు మార్చుకోవచ్చు. పెద్దవాళ్ల వేళ్లు పొడిబారి ఒక్కోసారి టచ్ తీసుకోదు, దానితో ఇంకా గట్టిగా నొక్కుతారు. వేలు కాస్త తడి గుడ్డకి తుడుచుకుంటే చాలు, లేదా టచ్ పెన్ను ఒకటి కొనివ్వండి.

కళ్ల దగ్గర నాకు తెలిసిన ఒక చిన్న విషయం పంచుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు. సాయంత్రం అవగానే చాలా ట్యాబ్‌లలో కళ్లకి హాయి కోసం తెర నారింజ రంగులోకి మారే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పసుపు, నారింజ క్యాండీలు ఒకేలా కనిపిస్తాయి. మా పెద్దమ్మ రాత్రిపూట ఎప్పుడూ ఓడిపోవడానికి అదొక కారణమని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆడేటప్పుడు అది ఆపి, వెలుతురు తగ్గించుకుంటే సరిపోతుంది. క్యాండీ క్రష్‌లో ఒక్కో రంగుకి ఒక్కో ఆకారం కూడా ఉంది: ఎరుపు చిక్కుడు గింజలా, పసుపు నీటిబొట్టులా, ఆకుపచ్చ చదరంగా, నీలం గుండ్రంగా. రంగు మసకగా ఉంటే ఆకారం చూసి ఆడమనండి. అప్పటికీ నీలం, ఊదా రెండూ తేడా తెలియట్లేదంటే ఒకసారి కంటి డాక్టరుకి చూపించండి. శుక్లం వస్తున్నప్పుడు కంటి కటకం పసుపు రంగుకి తిరిగి నీలాలు మసకబారతాయి. మా పెద్దమ్మకి శుక్లం ఉందని బయటపడింది కూడా ఈ గేమ్ వల్లే.

బుర్రకి మంచిదా అని కూడా అడిగారు. మతిమరుపు రాకుండా కాపాడుతుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. మెదడుకి వ్యాయామం అని ప్రచారం చేసుకున్న లూమోసిటీ కంపెనీ, ఆ మాటలకి తగిన ఆధారాలు లేవన్న ఆరోపణ మీద 2016లో అమెరికా వాణిజ్య కమిషన్‌కి 20 లక్షల డాలర్లు కట్టింది. ఒక లెవెల్ దాటితే ఆవిడకి సంతోషం కలుగుతుంది, మధ్యాహ్నం పూట ఒంటరిగా అనిపించదు. నాకైతే ఆడటానికి ఆ కారణం చాలు.

తమ్ముడి భయం కూడా కొట్టిపారేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో గేమింగ్ డిజార్డర్ అనేది ఉంది, 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాదిపాటు కొనసాగితే దాన్ని రుగ్మతగా చూస్తారు. మీ అమ్మగారు గుడికి వెళ్తున్నారు, వంట చేస్తున్నారు, మీతో రోజూ ఫోన్‌లో మాట్లాడుతున్నారు అని రాశారు. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అక్కడ ఆ లక్షణాలు కనిపించలేదు. భోజనం మానడం, మనుషుల్ని తప్పించుకోవడం మొదలైతే అప్పుడు డాక్టరుతో మాట్లాడండి.

ఈ మూవ్‌లు, లైఫుల ఒత్తిడే వద్దనుకుంటే మాజాంగ్ సాలిటేర్ పెట్టివ్వండి. 144 పలకలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. మీద ఏమీ లేకుండా, ఎడమ గానీ కుడి గానీ ఒక పక్క ఖాళీగా ఉన్న పలకల్లో ఒకే బొమ్మవి రెండు చూసి తీసేయాలి. మూవ్‌ల లెక్క ఉండదు, లైఫులు ఉండవు, గడియారం ఉన్నా ఆపుకోవచ్చు. దాదాపు ప్రతి బొమ్మా నాలుగేసి ఉంటుంది కాబట్టి, నాలుగూ విడిగా కనిపిస్తే నాలుగూ తీసేయొచ్చు. మూడే కనిపిస్తే మాత్రం ఏ రెండు తీస్తే ఎత్తైన దొంతర, పొడుగు వరస తెరుచుకుంటాయో చూసుకోవాలి. లెక్కల టీచరుకి ఇది నచ్చుతుందని నా నమ్మకం. ఇంటర్నెట్ ఆపేసి కూడా ఆడుకునే రకం చూసి వేయండి, యాడ్‌ల బెడద పోతుంది.

చివరిగా ఒక జాగ్రత్త, ఈరోజే చేయండి. అమ్మగారి క్యాండీ క్రష్ ఏ ఖాతాకీ ముడిపడి లేకపోతే, ట్యాబ్ పాడైనా, తమ్ముడు తొందరపడి తీసేసినా, ఇన్నాళ్లు దాటిన లెవెళ్లన్నీ పోతాయి. గేమ్ సెట్టింగ్స్‌లో కింగ్ ఖాతా తెరిచి ఆవిడ ఈమెయిల్‌తో లాగిన్ చేసి పెట్టండి. ఆ తర్వాత ఆ లెవెల్ తెరిచి, మొదటి మూవ్ వేయకముందు స్క్రీన్‌షాట్ తీసి, లెవెల్ నంబరుతో పాటు ఇక్కడ పెట్టండి. ఎన్ని మూవ్‌లున్నాయి, లక్ష్యం ఏమిటి కనిపించేలా ఉండాలి. ఈ ఆదివారం నేను ఆ లెవెల్ ఆడి చూసి, ఏ మూల నుంచి మొదలుపెట్టాలో అమ్మగారికి అర్థమయ్యేలా రాస్తాను.